అండర్ బాడీ కోటింగ్ అని మట్టి మీదే నల్లరంగు కొట్టి పంపారు, జాగ్రత్త

షాపు పేరు రాయను. వైజాగ్‌లో కారున్నవాళ్లకి రోజుకో ఆఫర్ మెసేజ్ పంపుతుంటారు చూడండి, వాళ్లే. మాది భీమిలి వైపు, ఉప్పుగాలికి గేటు చువ్వలే పెచ్చులు లేచిపోతుంటాయి, ఇక ఏడేళ్ల బండి కింద సంగతి చెప్పాలా. వానలకి ముందు, కింద ఇనుముకి తుప్పు పట్టకుండా కోటింగ్ కొట్టిద్దామని జూన్‌లో తీసుకెళ్లాను. లిఫ్ట్ ఎక్కించి కడిగి, తుప్పు గీకి, ప్రైమర్ వేసి, పైన రెండు కోట్లు అన్నాడు. 5,500. పొద్దున తొమ్మిదింటికి ఇస్తే పన్నెండున్నరకల్లా "అయిపోయింది సార్" అని ఫోన్. కడిగిన తడి ఆరడానికే ఆ టైమంతా చాలదు, అప్పుడైనా బుర్ర పనిచేయాలి కదా! నేనేమో భలే స్పీడ్ అని మురిసిపోయి ఫైవ్ స్టార్ కూడా ఇచ్చొచ్చాను.

నిన్న బ్రేకు ప్యాడ్లు మార్పించడానికి మా పాత మెకానిక్ దగ్గరికి వెళ్తే, ఆయన కిందకి దూరి "బాబూ, ఓసారి ఇలా వంగి చూడండి" అన్నాడు. ముందు చక్రం వెనక, చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యి (లోయర్ ఆర్మ్) మీద స్క్రూడ్రైవర్ మొన పెట్టి కాస్త లేపాడంతే, అరచెయ్యంత నల్ల పెచ్చు అట్టులా ఊడొచ్చింది. వెనక్కి తిప్పితే ఎర్రమట్టి, అందులో ఓ వేపాకు కూడా! ఆకు తీయడానికి కూడా ఓపిక లేదన్నమాట. ఊడిన చోట ఇనుము తడితడిగా, తుప్పు పొరలు పొరలుగా ఉంది. డోర్ల కింద నీళ్లు పోయే చిల్లులు కూడా పూడ్చేశారు, ఆయన కడ్డీతో పొడిస్తే బొటబొటా కారాయి. సైలెన్సర్‌నీ వదల్లేదు, వారం రోజులు పొగ కంపు కొడితే కొత్త కోటింగ్ వాసనేమో అనుకున్నాను చూడండి, నన్ను అనాలి. అసలేం కొట్టించకపోయినా బాగుండేదట, తడి దానంతటదే ఆరేది, ఇప్పుడు ఆ పొర వెనక చేరిన నీళ్లకి బయటికి దారి లేదు.

పెచ్చు కవర్లో వేసుకుని తిన్నగా షాపుకే వెళ్లాను. ఓనరు ఫోన్‌లోంచి తలెత్తకుండా "తుప్పు మీరే తెచ్చారు కదా సార్, మేమేం పెట్టలేదు" అన్నాడు. అయిదేళ్ల వారంటీ కార్డు బల్ల మీద పెడితే "అది కోటింగ్‌కి, ఇనుముకి కాదు" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వుకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

కొట్టించేవాళ్లుంటే బండి దగ్గరే నిలబడండి, గీకాక ఓ ఫొటో, ప్రైమర్ వేశాక ఓ ఫొటో తీసుకోండి. సైలెన్సర్‌కీ బ్రేకు డిస్కులకీ కవర్లు కట్టారా, చిల్లులకి టేపు వేశారా చూశాకే స్ప్రే పట్టనివ్వండి.

ఆ ఫైవ్ స్టార్ ఇప్పుడే మార్చాను. సున్నా ఇద్దామంటే తీసుకోవట్లేదు, ఒక్కటైనా ఇవ్వాలట.