కాలేజీ క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపు: 2015 నుంచి వాడుతున్నాను, నా మార్కులు ఇవీ

డెబ్బైకి దగ్గరపడుతున్న క్లాస్‌మేట్లకి వాట్సాప్ గ్రూపు పనికొస్తుందా అంటే, నోటీసు బోర్డుగా బ్రహ్మాండంగా పనికొస్తుంది. స్నేహం నిలబడాలంటే మాత్రం పక్కన ఇంకేదో ఉండాలి. ఐదుకి మూడున్నర వేస్తాను. కోసిన ఒకటిన్నరలో యాప్ తప్పు తక్కువ, మా వాళ్ల అలవాట్ల తప్పు ఎక్కువ. పాతికేళ్లకు పైగా జూనియర్ కాలేజీలో పేపర్లు దిద్దిన చెయ్యి ఇది, మార్కులు ఊరికే వెయ్యదు.

మాది ఆంధ్రా యూనివర్సిటీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, 1979 బ్యాచ్. చదువు అయ్యాక కొన్నాళ్లు ఇన్‌లాండ్ లెటర్లు నడిచాయి. తర్వాత పెళ్లిళ్లు, బదిలీలు, పిల్లల చదువులు. ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ పట్టలేదు. మళ్లీ పట్టించుకునేలా చేసింది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. తుఫాను వెళ్లాక ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు, క్యాంపస్‌లో మేం ఏ చెట్ల కింద నోట్సులు మార్చుకున్నామో ఆ చెట్లు లేవు. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మా వాళ్లు టీవీలో విశాఖని చూసి ఎవరికి చెయ్యాలో తెలియక తల్లడిల్లారట. సిగ్నళ్లు వచ్చాక లెక్క చూస్తే ఒక్కొక్కరి దగ్గర ఇద్దరివో ముగ్గురివో నంబర్లున్నాయి, అంతే. అవన్నీ కలిపితే సగం క్లాసు దొరికింది. సంక్రాంతికి గ్రూపు పెట్టారు.

మిగతా సగం దొరకడం అంత తేలిక కాలేదు, ముఖ్యంగా ఆడవాళ్లు. మగవాళ్లని పట్టుకోవడం ఎంతసేపు? ఇంటిపేరు అదే, ఊరు అదే, ఉద్యోగం ఉక్కు ఫ్యాక్టరీలోనో రిఫైనరీలోనో జింకు ఫ్యాక్టరీలోనో. మాకేమో పెళ్లితో ఇంటిపేరు మారింది, కొందరికి అత్తారింట్లో అసలు పేరే మార్చేశారు. ఒకామెని వాళ్ల తమ్ముడి ద్వారా పట్టుకున్నాం. ఇంకొకామె సీతమ్మధారలో మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతలే ఉందని గ్రూపు పెట్టిన మూడో ఏట తెలిసింది. రైతుబజారులో ఎన్నిసార్లు పక్కపక్కన నిలబడి బెండకాయలు ఏరుకున్నామో!

గ్రూపులో చేరాక ఇంకో తంటా. ప్రొఫైల్ ఫొటోలో ఒకరికి మనవడు, ఒకరికి సింహాద్రి అప్పన్న, ఒకరికి గులాబీ. పేరు చోట భర్త పేరో, వట్టి నంబరో. ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. చివరికి గ్రూపు డిస్క్రిప్షన్‌లో అందరి రోల్ నంబర్లూ, పుట్టింటి ఇంటిపేర్లూ, ల్యాబ్‌లో పిలుచుకున్న ముద్దుపేర్లూ రాసి పెట్టాం. ల్యాబ్‌లో ద్రవాలు కొలిచే గాజు గొట్టాల పేర్లే పెట్టుకున్నాం: మా క్లాసులో పొడుగ్గా సన్నగా ఉండేవాడు బ్యూరెట్టు, పక్కనే పొట్టివాడు పిప్పెట్టు. ఇద్దరికీ ఇప్పుడు పొట్టలొచ్చాయి గానీ పేర్లు మారలేదు. కొత్తగా గ్రూపు పెట్టుకునేవాళ్లు మొదటి రోజే ఈ పని చెయ్యండి. ఫొటోలు, వీడియోలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

మా రోజుల్లో క్లాసులో అమ్మాయిలు ముందు రెండు వరసలు, అబ్బాయిలు వెనక. రెండేళ్లలో ఒక్క మాట మాట్లాడని వాళ్లే ఎక్కువ. గ్రూపులో మొదటి ఏడాది అంతా "మేడమ్ గారూ", "నమస్కారమండీ" తోనే గడిచింది. మేం ఆడవాళ్లం మాలో మేం "ఏమే, ఒసే" అనుకుంటుంటే వాళ్లకి ఎలా ఉండేదో ఏమో. ఒకసారి బ్యూరెట్టు ఏదో ధైర్యం చేసి నన్ను "నువ్వు" అన్నాడు, అని వెంటనే ఆ మెసేజి డిలీట్ చేశాడు. నేను చూసేశాను. "ఫర్వాలేదు, అలాగే అను" అని రాశాక గ్రూపు కొంచెం గ్రూపులా తయారయింది.

ఇక మార్కుల సంగతి. ఎక్కువ మార్కులు వాయిస్ మెసేజికి. మాలో చాలామందికి శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి, కొందరికి చేతులు వణుకుతాయి. తెలుగులో టైపు చెయ్యడం పెద్ద పని, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే చదవడం అంతకన్నా పెద్ద పని. మైకు బొమ్మ నొక్కి మాట్లాడటం అందరికీ వచ్చు. ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడితే వేగం పెంచి వినొచ్చు కూడా, 2021లో వచ్చింది ఆ సదుపాయం. పిప్పెట్టు మెసేజిలు నేను రెండింతల వేగంతోనే వింటాను. ఈ సంగతి వాడికి చెప్పకండి.

వీడియో కాల్‌కి మధ్యస్తం. 2020 లాక్‌డౌన్‌లో వాట్సాప్ కాల్‌లో ఎనిమిది మందికి మించి పట్టేవారు కారు. జూమ్ ఉచితంగా వాడితే నలభై నిమిషాలకి ఠక్కున ఆగిపోయేది. మా వాళ్లకి మొదటి పావుగంట "వినిపిస్తోందా?" కే సరిపోయేది. ఇప్పుడు ముప్పై రెండు మంది దాకా పడతారు గానీ, అంతమంది ఒకేసారి మాట్లాడితే అది మాట కాదు, పూర్ణామార్కెట్టు.

ఈ గ్రూపుకి నేను పూర్తి మార్కులు వేసేది ఒక్క రోజుకి. 2020 మే 7 తెల్లవారుజామున మా ఊరి ఆర్.ఆర్. వెంకటాపురంలో, ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరై లీకయింది. మా వాళ్లలో ఒకరి ఇల్లు ఆ పక్కనే గోపాలపట్నంలో. తెల్లారేసరికి గ్రూపులో "ఎక్కడున్నావ్", "ఎవరున్నారు అక్కడ" అని అరుపులు. వాళ్లబ్బాయి కారులో మధురవాడ చేర్చాడని కబురొచ్చాక అందరం ఊపిరి తీసుకున్నాం. ఆ రాత్రి మళ్లీ పుకార్లు మొదలయ్యాయి. ట్యాంకు పేలుతుంది, ఊరంతా ఖాళీ చెయ్యాలి అని ఒకదాని మీద ఒకటి ఫార్వర్డులు. మాది కెమిస్ట్రీ క్లాసు కదా! ఉద్యోగమంతా పాలిమర్ల మీదే చేసిన మా మిత్రుడొకాయన గ్రూపులో చిన్న పాఠం చెప్పాడు. స్టైరీన్‌ని చల్లగా, ఇన్‌హిబిటర్ (చర్యని అడ్డుకునే రసాయనం) కలిపి ఉంచాలి, లేకపోతే తనంతట తానే పాలిమర్‌గా, అంటే ప్లాస్టిక్‌గా మారుతూ వేడెక్కుతుంది, ఆ వేడికి ఇంకా తొందరగా మారుతుంది. ఆ చర్యని ఆపడానికే గుజరాత్ వైపు నుంచి టెర్షియరీ బ్యూటైల్ కాటెకోల్ అనే ఇన్‌హిబిటర్‌ని విమానంలో తెప్పిస్తున్నారు. ఆవిరి గాలికంటే బరువైంది కాబట్టి నేల మీద పడుకోవద్దు, పల్లంలో ఉండొద్దు. ఆ వాయిస్ మెసేజిని మా అపార్ట్‌మెంటు మెట్ల మీద నిలబడి పది కుటుంబాలు విన్నాయి. నలభై ఏళ్ల తర్వాత మా డిగ్రీలు ఒక్కసారిగా అక్కరకొచ్చాయి.

అదే గ్రూపులో వారం తిరక్కుండా కషాయం తాగితే కరోనా రాదని ఫార్వర్డు. పంపింది ఎవరో కాదు, అనలిటికల్ కెమిస్ట్రీలో గోల్డ్ మెడలిస్టు. ఏం చేస్తాం! 2018లో మన దేశంలో ఒక మెసేజిని ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి వచ్చింది, 2020లో బాగా తిరిగిన మెసేజిలైతే ఒక్కరికే. మా వాళ్ల ఓపిక ముందు ఈ కట్టడులు ఏపాటి? ఒక్కొక్కరికే వరసగా పంపుతారు.

శుభోదయం పువ్వులకి అర మార్కు కోశాను. మొదట్లో విసుక్కునేదాన్ని, ఇప్పుడు విసుక్కోను. ఒంటరిగా ఉంటున్నవాళ్లు మాలో నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ల పువ్వు ఎనిమిది గంటల లోపు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అలా ఒకరోజు పువ్వు రాలేదని ఫోన్ చేస్తే, ఆమె బాత్‌రూములో జారిపడి గంట నుంచి లేవలేక ఉంది. పక్కింటివాళ్లని పంపించాం. పువ్వు పంపేవాళ్లకి నా మనవి ఒక్కటే, ఒక్క పువ్వు చాలు. సూక్తి, దేవుడు, ఆవిరి కక్కే కాఫీ కప్పు అక్కర్లేదు. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేసుకుంటే ఫోన్ నిండిపోయే బాధ సగం తప్పుతుంది, ఇది మనవల చేత చేయించుకోండి.

రాజకీయాలు వద్దని రూలు పెట్టాం. 2021లో ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణ వార్త రాగానే ఆ రూలు మట్టికొట్టుకుపోయింది. అది రాజకీయమా, మా వాళ్ల పిల్లల జీతాల సంగతా? ఇప్పటికీ తేలలేదు. తేల్చడం మానేసి, వాదించుకునేవాళ్లకి రచ్చబండ అని వేరే గ్రూపు పెట్టాం. దాంట్లో ఉన్నవాళ్లు ఇందులో పువ్వులు పంపుకుంటూ మంచిగానే ఉంటారు.

ఎక్కువ మార్కులు పోయింది చావుల దగ్గర. ఒకరు పోయారని కబురు రాగానే ఓం శాంతి, ఓం శాంతి, చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ముప్పై బొమ్మల కింద ఎవరిదో మనవరాలి భరతనాట్యం. పంపినావిడ పైన చూడలేదు, అంతే. కానీ పోయినవాళ్ల ఇంట్లోవాళ్లు చూశారు. అప్పటినుంచి అలాంటి కబురు వస్తే అడ్మిన్లు మర్నాడు ఉదయం దాకా గ్రూపుని మూసేస్తారు, అడ్మిన్లు మాత్రమే పంపగలిగే సెట్టింగు ఉంది కదా. ఓం శాంతి కూడా రాయక్కర్లేదు, రాయదలచుకున్నవాళ్లు ఇంటికి ఫోన్ చెయ్యాలి. ఈ పద్ధతి నాకు నచ్చింది.

ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు. వాడకుండా వదిలేసిన ఖాతాని సాధారణంగా 120 రోజులకి వాట్సాప్ తీసేస్తుంది. మా మిత్రుడు పోయిన నాలుగు నెలలకి, ఒక మధ్యాహ్నం, అతను గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు చిన్న అక్షరాల్లో వరస వచ్చింది. మళ్లీ ఫోన్లు, మళ్లీ ఏడుపులు. ఆ తర్వాత అతని భార్యనే గ్రూపులో చేర్చాం. ఆవిడ కెమిస్ట్రీ కాదు, తెలుగు టీచరు. ఇప్పుడు మా అందరి స్పెల్లింగులూ దిద్దుతోంది.

డబ్బుల మోసం గురించి ఒక మాట. మా వయసువాళ్లకి శుభలేఖలు ఫోన్‌లోనే వస్తున్నాయి, దొంగలకి ఆ సంగతి తెలుసు. శుభలేఖ పేరుతో వచ్చిన ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ దిగే ఫైలు) నొక్కి ఒకాయన తన ఫోన్‌ని దొంగల చేతిలో పెట్టాడు. వెంటనే ఆయన నంబరు నుంచి అందరికీ "ఆసుపత్రిలో ఉన్నాను, అర్జంటుగా ఇరవై వేలు" అని మెసేజి. ఇద్దరు పంపేశారు. ఇప్పుడు మా గ్రూపులో ఎవరు డబ్బడిగినా ఫోన్ చేసి, "ల్యాబ్‌లో నీ పక్క బెంచీ ఎవరిది?" అని అడగాలి. చెప్పలేకపోతే డబ్బు లేదు. నిజంగా మరచిపోయినవాళ్లతో కొంచెం ఇబ్బందే, అప్పుడు రెండో ప్రశ్న ఉంది, అది ఇక్కడ రాయను. వాట్సాప్ సెట్టింగుల్లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ను, అంటే ఖాతాకి రెండో తాళం, పెట్టుకోండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

మొదట్లో ఇంకేదో ఉండాలి అన్నానే, మాకు అది నెలలో రెండో ఆదివారం. ఉదయం ఆరింటికి బీచ్ రోడ్డు, కురుసుర సబ్‌మెరీన్ మ్యూజియం ఎదురుగా. ఆ వేళప్పుడు బండ్లు రానివ్వరు, మోకాళ్లున్నవాళ్లు కాళీ గుడి దాకా నడుస్తారు, లేనివాళ్లు గోడ మీద కూర్చుని రాగిజావ తాగుతారు. ఎండెక్కకముందే ఉక్క మొదలవుతుంది, ఏడున్నరకి టిఫినుకి లేచిపోతాం. గ్రూపులో రోజంతా గొడవపడే ఇద్దరు అక్కడ ఒకే ప్లేటులో పెసరట్టు తింటారు. గ్రూపులో చెప్పని సంగతులు, కోడలితో పడకపోవడం, బయాప్సీ రిపోర్టు, ఇల్లు అమ్మేద్దామన్న ఆలోచన, ఆ గోడ దగ్గరే బయటికొస్తాయి. ఊళ్లో లేనివాళ్లకి ఆ సుఖం లేదు, వాళ్లకి విడివిడిగా ఫోన్ చెయ్యడమే. భీమిలిలో ఉన్నావిడకి స్మార్ట్‌ఫోనే లేదు. సోమవారం సాయంత్రం వంతులవారీగా ఎవరో ఒకరం ఆవిడ ల్యాండ్‌లైనుకి చేసి వారం వార్తలు చదువుతాం. మా అందరికన్నా ఆవిడకే సంగతులు సరిగ్గా గుర్తుంటాయి, పువ్వులు, ఫార్వర్డులు తీసేసి చెప్తాం కాబట్టి.

అడ్మిన్లు ఒక్కరే ఉండొద్దు. మా దగ్గర ముగ్గురు, ముగ్గురూ వేర్వేరు ఊళ్లలో. అందరి నంబర్లూ, ఇంట్లో ఇంకొకరి నంబరుతో సహా, నోటు పుస్తకంలో రాసి కూడా ఉన్నాయి. హుద్‌హుద్ చూసినవాళ్లకి ఈ పుస్తకం ఎందుకో చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం వద్దంటాను, పెద్ద గ్రూపులు. యూనివర్సిటీకి వందేళ్లు కదా, 1926లో పుట్టింది. ఆ సందడిలో ఎవరో అన్ని బ్యాచ్‌లూ, అన్ని డిపార్ట్‌మెంట్లూ కలిపి ఒకటి పెట్టారు. వెయ్యికి పైగా మనుషులు పడతారట అందులో. రోజుకి వందల మెసేజిలు, నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేశాను. అందులో ఏదైనా పనికొచ్చేది వస్తే బ్యూరెట్టు ఏరి మా గ్రూపులో పెడతాడు, రిటైరయ్యాక వాడికి అదే ఉద్యోగం.