ఆసుపత్రి ఓడలో వాలంటీరు పని: ఓడ సరే, ఏ నెలలో వెళ్తున్నారు?

ఆఫ్రికా రేవుల్లో ఆసుపత్రి ఓడలు నడిపే మెర్సీ షిప్స్ సంస్థకు దరఖాస్తు పెట్టేవాళ్లలో చాలామంది ముందు ఓడల ఫొటోలు చూస్తారు. గ్లోబల్ మెర్సీ 174 మీటర్ల పొడవు, 12 డెక్కులు, 6 ఆపరేషన్ థియేటర్లు. మొదటినుంచీ ఆసుపత్రి కోసమే కట్టిన ఓడ. ఆఫ్రికా మెర్సీ 1980లో డెన్మార్క్‌లో రైళ్లను దాటించే ఫెర్రీగా మొదలై, 2007 నుంచి 5 థియేటర్ల ఆసుపత్రిగా పనిచేస్తోంది. కొత్తదాంట్లో సౌకర్యం ఎక్కువ, కాదనం. పని బాగా దొరకడం మాత్రం వెళ్లే నెలను బట్టి ఉంటుంది.

ఈ ఓడలు తిరుగుతూ వైద్యం చేయవు. ఒకే రేవులో సుమారు పది నెలలు కట్టి ఉండి, ఆపైన మరమ్మతులకు వెళ్తాయి. ఓడ వెళ్లిపోయే తేదీని బట్టే ఆపరేషన్లు సాగుతాయి. కాలిన గాయాలతో ముడుచుకుపోయిన చేతులు, పిల్లల వంకర కాళ్లు మొదట్లోనే చేసేయాలి, ఎందుకంటే ఆ తర్వాత కట్లు, స్ప్లింటు (కదలకుండా పట్టే బద్ద), ఫిజియోథెరపీ నెలల పని. స్ప్లింటు తొందరపడి తీసేస్తే అతికించిన చర్మం కూడా ముడుచుకుంటుంది. హెర్నియాలకు ఆ ఇబ్బంది తక్కువ, ఆలస్యంగానైనా చేయొచ్చు. కాబట్టి ఫిజియోథెరపిస్టులు, గాయాల కట్లలో చేయి తిరిగిన నర్సులు సీజన్ మొదటి సగం అడగండి. సర్జన్‌కు రెండు వారాలు సరిపోతాయి, మత్తు డాక్టరుకూ అంతే. వార్డు నర్సుకు చాలవు: పద్ధతులు, మందుల చార్టు, దుబాసీతో మాట్లాడే తీరు అలవాటయ్యేసరికే తిరుగు టికెట్టు వచ్చేస్తుంది.

వైద్యం తెలియకపోతే చోటు లేదనుకోకండి. ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్లు, ఇంజిన్ గది మనుషులు, సిబ్బంది పిల్లలకు టీచర్లు కూడా కావాలి. వాలంటీర్లకు జీతం ఉండదు. పైగా క్రూ ఫీజు, అంటే ఓడలో ఉండేందుకు రుసుము, కట్టాలేమో ముందే కనుక్కోండి. విమానం, వీసా, బీమా, టీకాల ఖర్చు కూడా మీదే. ఇది క్రైస్తవ సంస్థ, ఓడలో ప్రార్థన సమావేశాలు మామూలే.

ఇటీవల ఈ ఓడలు ఆగిన రేవుల్లో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌కే మా ఓటు, చేరుకోవడం తేలిక గనుక. విమానం లుంగీ అనే ఊళ్లోని విమానాశ్రయంలో దిగుతుంది, అది నగరానికి అవతలి ఒడ్డు, అక్కణ్నుంచి పడవ. రాత్రి విమానమైతే పడవ వేళ ముందే కనుక్కోండి. సియెర్రా లియోన్‌కు ఎల్లో ఫీవర్ ధ్రువపత్రం తప్పనిసరి, టీకా వేసిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది. మడగాస్కర్‌లోని తోమసీనాకు అంటాననరివో నుంచి ఇంకో విమానం ఎక్కాలి. రోడ్డున రావచ్చు కానీ సుమారు 350 కిలోమీటర్ల కొండదారి, రోజంతా పడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం వేరే.

గది ఇరుకు, ఇది ముందే మనసులో పెట్టుకోండి. కొద్దికాలానికి వచ్చేవాళ్లకు పంచుకునే గది, తెర ఉన్న బంకు మంచం. గట్టి సూట్‌కేసు పెట్టే చోటుండదు, మడతపడే బ్యాగు తెచ్చుకోండి. నైట్ డ్యూటీ పడితే కంటిపట్టీ, చెవిబిరడలు లేకుండా పగటి నిద్ర కల్ల. స్నానానికి రెండు నిమిషాలు: తడుపుకుని కుళాయి కట్టేయడం, సబ్బు రుద్దుకోవడం, మళ్లీ తిప్పి కడిగేసుకోవడం. గ్లోబల్ మెర్సీలో స్టార్‌బక్స్ ఉంది, స్నానానికి మాత్రం ఈ లెక్కే.

వార్డులో మంచాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, రోగి వెంట వచ్చిన మనిషి ఆ మంచం కిందే పరుపు వేసుకుని పడుకుంటారు. రాత్రి టార్చితో నడిచేటప్పుడు చూపు కిందికే ఉండాలి. కష్టకాన్పులో మూత్రాశయానికి చిల్లు పడిన స్త్రీలకు కుట్లు వేశాక సుమారు రెండు వారాలు కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ఉంటుంది. గొట్టం ఒంటి కింద మెలిపడినా, రక్తపు గడ్డ అడ్డుపడినా మూత్రాశయం ఉబ్బి కుట్లు తెగిపోతాయి, ఆపరేషన్ మొత్తం వృథా. అందుకే గంటగంటకూ గొట్టాన్ని చేత్తో తడిమి చూడాలి, సంచిలో ఎంత పడిందో రాయాలి, నీళ్లు తాగించాలి. పడక తడవకూడదని కొందరు దాహాన్ని చంపుకుంటారు; ఏళ్ల తరబడి ఒళ్లు తడిసినవాళ్ల అలవాటది. నీళ్లే కుట్లను కాపాడతాయని దుబాసీ చేత నిదానంగా చెప్పించండి. ఫ్రీటౌన్‌లో క్రియో, తెమ్నె, మెండె భాషలు మూడూ వినిపిస్తాయి. ‘హౌ డి బాడి?’ అని క్రియోలో పలకరిస్తే చాలు, ముఖం విప్పారుతుంది.

ఏడు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత వినబడితే అది అత్యవసర అలారం. డ్రిల్లే కదా అని బద్ధకించొద్దు. నడవలేని రోగుల్ని మెట్లమీదుగా ఎవరు మోయాలో డ్రిల్లులోనే తెలుస్తుంది.

మలేరియా మాత్రల దగ్గర తప్పు చేసేవాళ్లే ఎక్కువ. ఓడలో ఏసీ ఉంది, దోమ లేదు అని మానేస్తారు, సాయంత్రం రేవు బయట తిరిగొస్తారు. డాక్సీసైక్లిన్ అయితే రోజూ గ్లాసుడు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, అన్నవాహిక పుండవుతుంది. ఎండకు చర్మం కమిలిపోతుంది కూడా. ఇంటికి చేరాక దాన్ని మరో నాలుగు వారాలు వేసుకోవాలి. మాలరోన్ అయితే ఏడు రోజులు చాలు. ఇంటికి చేరాక వేసుకునేవాటితో సహా సరిపడా మాత్రలు మొదటే కొనిపెట్టుకోండి.