మా ఇంటి నల్లబల్ల, ఏడాదిన్నర వాడాక

మా పాప మూడో తరగతిలో చేరిన వారానికి ఇంట్లో నల్లబల్ల పెట్టించాం. ఇప్పుడు నాలుగో తరగతిలో సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. పాప చదువు కోసం ఇంటికి తెచ్చిన వస్తువులన్నింటిలో, పెట్టిన ప్రతి రూపాయికీ సంతోషంగా అనిపించింది ఇదొక్కటే. అందుకే రాస్తున్నాను.

తిరుపతి కొర్లగుంటలో మాకు తెలిసిన వడ్రంగి ఆచారి చేసిచ్చారు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తున్న ప్లైవుడ్ ముక్కకు చుట్టూ బద్దె కొట్టి, బ్లాక్‌బోర్డు పెయింట్ రెండుసార్లు వేశారు. బిగింపుతో సహా 1,800 రూపాయలు అయింది. నల్లబల్ల గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏముంది? నేను చెప్పదలచుకున్నది దాని ఎత్తు గురించి.

ఆచారి బడిలో లాగా పైన మేకులు కొట్టబోతుంటే మా అత్త ఆపింది. "పిల్లకి అందద్దా నాయనా? ఇంకా కిందికి దించు" అంది. దించి దించి చివరికి బల్ల కింది అంచు నేలకు అడుగున్నర ఎత్తులో ఆగింది. పాప నిలబడితే పై అంచు దాకా చెయ్యి అందుతుంది. మేం రాయాలంటే మాత్రం కింద కూర్చోవాలి, లేకపోతే వంగాలి. మొదట్లో నాకు అది నచ్చలేదు. నేను నిలబడి చెప్పడానికి వీలుగా ఉండాలి కదా అనుకున్నాను. కానీ ఆ ఎత్తు వల్లే బల్ల పాపదైంది. రాసేది తను, చూసేది మేము.

దీని విలువ నాకు ఆ సెప్టెంబరులో తెలిసింది.

వందల్లో తీసివేతలు మొదలైన రోజులవి. 403లో నుంచి 168 తీసివేయమంటే నోటుబుక్కులో 365 అని రాసుకొచ్చేది. నేను తప్పు అని కొట్టేసి, పక్కన 235 అని రాసిచ్చేదాన్ని. మళ్ళీ మరుసటి రోజు అదే రకం తప్పు. అంతకు ముందు మా ఆయన ఏడాదికి డబ్బు కట్టి ఫోనులో ఒక లెక్కల యాప్ పెట్టించారు. అదీ అంతే, ఎర్ర రంగు చూపించి మళ్ళీ ప్రయత్నించు అనేది. తప్పు ఎక్కడ పుట్టిందో దానికీ తెలీదు, నాకూ తెలీదు.

ఒక సాయంత్రం నేను వంటింట్లో చపాతీలు ఒత్తుతూ ఉన్నా. బల్ల మా హాల్లో, వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. పాప అదే లెక్క వేస్తూ పైకి చెప్పుకుంటోంది. "మూడులో ఎనిమిది పోదు. ఎనిమిదిలో మూడు తీస్తే ఐదు. సున్నాలో ఆరు పోదు. ఆరులో సున్నా తీస్తే ఆరు. నాలుగులో ఒకటి తీస్తే మూడు." 365. నా చేతిలో చపాతీ కర్ర ఆగిపోయింది. పైదీ కిందిదీ అని చూడకుండా, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేస్తోంది. ఇన్నాళ్ళూ నేను జవాబు దిద్దానే గానీ, బిడ్డ ఏమనుకుంటోందో ఒక్కసారి కూడా వినలేదు.

అయితే విన్న వెంటనే నేను చేసిన పని మంచిది కాదు. నా చిన్నప్పటి చిట్కా చెప్పేశాను. "పక్కనుంచి అప్పు తెచ్చుకో. మూడుని పదమూడు చెయ్యి, సున్నాని తొమ్మిది చెయ్యి, నాలుగుని మూడు చెయ్యి" అన్నాను. పాప వెంటనే రెండు ప్రశ్నలు అడిగింది. "మ్మా, సున్నా దగ్గర ఏమీ లేదు గదా, అదెట్ల అప్పిస్తుంది?" "తెచ్చుకున్న అప్పు మళ్ళా ఎప్పుడు ఇచ్చేది?" నేను రెండింటికీ జవాబు చెప్పలేదు. "అట్లా చేస్తే వస్తుంది, చెయ్యి" అన్నాను. 235 వచ్చింది. ఇద్దరం సంతోషపడ్డాం.

తర్వాతి వారం క్లాసు పరీక్షలో 452లో నుంచి 178 తీసివేయమని ఇచ్చారు. పాప 224 అని రాసింది. రావాల్సింది 274. ఇంటికొచ్చాక బల్ల మీద మళ్ళీ వేయించాను, నోరు మెదపకుండా చూశాను. రెండుని పన్నెండు చేసింది. మధ్యలో ఉన్న ఐదుని తొమ్మిది చేసింది. నాలుగుని మూడు చేసింది. నేను సున్నాకు చెప్పిన చిట్కాను తను అన్ని అంకెలకూ వాడేసింది. అంతకు ముందు తన తప్పు తనది. ఈ తప్పు మాత్రం నేను నేర్పింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

బడికెళ్ళి టీచరమ్మను కలిశాను. పాప చదివేది మున్సిపల్ బడిలో. ఆమె కోప్పడలేదు. బడిలో పది పది పుల్లలు కట్టలు కట్టి, కట్ట విప్పి తీసివేత నేర్పిస్తున్నామని చెప్పారు. "ముందు మీరు చెప్పొద్దండి. బళ్ళో ఎట్ల చేసినారో పాపనే చెప్పమనండి" అన్నారు. మూడో తరగతి అయ్యేలోగా 9999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం రావాలని, నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవగలగాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ చదువుల కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఉందనీ చెప్పారు. అది విన్నాక నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. ఇంటికొచ్చాక మాత్రం ఆమె చెప్పిన మొదటి మాటే పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో టీచరు ఆట మొదలైంది. పాప టీచరు, వాళ్ళ అవ్వ పిల్ల. మా అత్త ఐదో తరగతి వరకే చదివింది. చంద్రగిరిలో ఇరవై ఏళ్ళు రెండు ఎనుములతో పాల వ్యాపారం చేసిన మనిషి. బల్ల ముందు చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాప స్కేలు పట్టుకుని 403, దాని కింద 168 వేసి, "పక్కనుంచి అప్పు తెచ్చుకోవాల" అని మొదలుపెట్టింది.

"అప్పెందుకు? నీ డబ్బే గదా. చిల్లర మార్చుకో" అంది అత్త.

పాప ఆగిపోయింది. అత్త కొంగు ముడి విప్పి నాలుగు వంద నోట్లు చాప మీద పరిచింది. పక్కన మూడు చింతగింజలు పెట్టి, ఒక్కోటి ఒక్కో రూపాయి అంది. "నాకు పాల బాకీ నూట అరవై ఎనిమిది ఇయ్యి." పాప రెండు వంద నోట్లు తీసిస్తే, "నా కాడ చిల్లర లేదు, సరిగ్గా తెచ్చియ్యి" అంది. పాప నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. నేను ఒక వంద నోటు తీసుకుని పది పదినోట్లు ఇచ్చాను. మళ్ళీ వెళ్ళింది. "ఎనిమిది రూపాయలు ఏవి?" ఉన్నవి మూడు గింజలే. మళ్ళీ వచ్చింది. ఒక పదినోటు ఇచ్చి పది చింతగింజలు పట్టుకుపోయింది. ఇప్పుడు చాప మీద మూడు వందలు, తొమ్మిది పదులు, పదమూడు గింజలు. అవ్వకు ఇవ్వాల్సింది లెక్కపెట్టి ఇచ్చేసింది. మిగిలింది రెండు వందలు, మూడు పదులు, ఐదు గింజలు.

తర్వాత లేచి బల్ల దగ్గరకు పోయింది. నాలుగు కొట్టేసి పైన మూడు వేసింది. సున్నా కొట్టేసి తొమ్మిది వేస్తూ, చాక్‌పీసు అక్కడే ఆపి మా వైపు తిరిగి చెప్పింది. "పది వచ్చినాయి, దాంట్లో ఒకటి గింజల కోసం పోయింది గదా." నేను చిట్కాగా చెప్పిన తొమ్మిది ఎక్కడి నుంచి వస్తుందో నా ముప్పై నాలుగేళ్ళలో నాకే ఎవరూ ఇలా చూపించలేదు.

వెంటనే 452 వేయమన్నాను. "ఈడ ఐదు పదులు ఉండాయి గదా, చిల్లర కోసం ముందే నూరు కాడికి పోబల్లేదు" అని ఐదుని నాలుగు చేసింది, రెండుని పన్నెండు చేసింది. ఆ తర్వాత నాలుగులో ఏడు పోకపోతే అప్పుడు వంద మార్చుకుని పద్నాలుగు చేసింది. 274. ఆ రోజు నుంచి మా ఇంట్లో లెక్కల్లో అప్పు అనే మాట లేదు, చిల్లర అనే అంటాం.

ఇదంతా అత్త వల్ల జరిగింది, బల్ల గొప్పేముంది అని మా ఆయన అన్నారు. నిజమే. కానీ పాప అంకెలు కొట్టేసి పైన రాసిన వరుస మా ముగ్గురికీ ఒకేసారి కనిపించింది. నోటుబుక్కులో అయితే తల వంచుకుని రాస్తుంది, చెయ్యి అడ్డం పెడుతుంది, నేను వెనక నుంచి తొంగి చూడాలి. తొంగి చూస్తే రాయడం ఆపేస్తుంది.

ఆ ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఇంకో సంగతి బయటపడింది. తిరుమల కొండకు అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అలిపిరిలో ఎన్ని ఎక్కువ అని అడిగితే పాప రెండూ కలిపేసి 5,938 అంది. ఎక్కువ అనే మాట వినగానే కూడిక అనుకుంది. పాఠ్యపుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటాయి కదా, ఇంగ్లీషు పేజీలో 'మోర్' కనిపించినా అదే పని చేస్తోందని అప్పుడు అర్థమైంది. అత్త ఒకే మాట అడిగింది. "కొండకి రెండు దోవల్లో ఒకేసారి ఎక్కుతామా?" పాప నవ్వి, బల్ల మీద ఒక పొడుగు గీత, దాని కింద ఒక పొట్టి గీత గీసి, పొడుగు గీతలో మిగిలిన ముక్కకు సున్నా చుట్టింది. అప్పుడు తీసివేసింది. 1,162.

పైన ప్రతి రూపాయికీ సంతోషం అన్నాను. అది లెక్కల వరకే అని చెప్పాలి. చదవడానికి ఈ బల్ల మాకు ఏమీ చేయలేదు. నిమిషానికి 60 పదాలు ధారగా చదవడం బల్ల మీద రాస్తే వచ్చేది కాదు. దానికి రోజూ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించడమే పనిచేసింది. దస్తూరీకైతే కొంత నష్టమే జరిగింది. బల్ల మీద అరచేయంత అక్షరాలు, ఒత్తులు కూడా పెద్దగా వేయడం అలవాటై, నోటుబుక్కులో ఒత్తులు కింది గీతలోకి జారిపోయేవి. అందుకని మూడో తరగతి చివర్లో తెలుగు రాత మొత్తం మళ్ళీ పుస్తకంలోకే మార్చాను.

సుద్ద ధూళి ఇంకో ఇబ్బంది. మా చిన్నోడికి దగ్గు వచ్చే గుణం ఉంది. మామూలు చాక్‌పీసులు జిప్సంతో చేస్తారు, గాలిలో లేస్తుంది. డస్ట్‌లెస్ అని అమ్మేవి కాల్షియం కార్బొనేట్‌వి, ఆ పొడి బరువుగా ఉండి కింద పడిపోతుంది. రేటు ఎక్కువైనా అవే వాడుతున్నాం, డస్టర్ బదులు తడిగుడ్డతో తుడుస్తున్నాం. తడిగుడ్డ వాడితే బల్ల పూర్తిగా ఆరాకే మళ్ళీ రాయాలి, ఆత్రంగా ఉన్న పిల్లలకు ఆ రెండు నిమిషాలు కష్టమే.

మొదటి నవంబరు వానలకు బల్ల పాడైంది కూడా. మాకు అసలు వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ గోడ బయటి గోడ. చెమ్మ దిగి ప్లైవుడ్ కింది అంచు ఉబ్బింది, రంగు పొక్కులు లేచింది. ఆచారిని పిలిస్తే, ఊడదీసి ఉబ్బిన చోట చెక్కి, వెనక అరంగుళం మందం చెక్క రీపర్లు కొట్టి గాలి ఆడేలా చేశారు. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ రంగు వేశారు. ఇంకో 600. రంగు ఆరాక మొదటిసారి రాసే ముందు చాక్‌పీసు అడ్డంగా పట్టుకుని బల్లంతా రుద్ది తుడిచేయాలని ఆయనే చెప్పారు, లేకపోతే మొదట రాసిన అక్షరాలు మచ్చలై ఉండిపోతాయట. మొదటిసారి మేం అలా చేయలేదు, మొదట రాసినవి మళ్ళీ రంగు వేసేదాకా మసకగా కనిపిస్తూనే ఉండేవి. లోపలి గోడ ఉంటే అక్కడే పెట్టించుకోండి.

అందరికీ ఇది పనికొస్తుందా అంటే గట్టిగా చెప్పలేను. మాది సొంత ఇల్లు, మేకులు కొడితే అడిగేవాళ్ళు లేరు. అద్దె ఇంట్లో ఓనరుతో మాట రావచ్చు. బడిలో ఇచ్చే హోంవర్క్ తక్కువ, సాయంత్రం గంటసేపు ఆటకు టైము మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చాప మీద కూర్చుని పాఠం వినే ఓపిక ఉన్న అవ్వ మా ఇంట్లో ఉంది. ఆమె నెల్లాళ్ళు చంద్రగిరి వెళ్ళినప్పుడు బల్ల మీద పువ్వులు, ఇళ్ళ బొమ్మలు తప్ప లెక్క ఒక్కటీ లేదు. నేను పనినుంచి వచ్చేసరికి ఏడు అవుతుంది, నాకు ఆ ఓపిక రోజూ ఉండదు. తల్లిదండ్రులిద్దరూ ఆలస్యంగా వచ్చే ఇంట్లో ఇది గోడ మీద బొమ్మలా మిగిలిపోవచ్చు.

చిన్నోడు జూన్‌లో ఒకటో తరగతికి వెళ్తాడు. మొన్న బల్ల మధ్యలో నిలువుగా గీత గీసి, ఇటు పక్క తనదని వాళ్ళ అక్కకు చెప్పాడు. అక్క ఆ గీతను తుడిచి ఇంకా కొంచెం అటు జరిపింది. ఇద్దరికీ నాలుగడుగులు సరిపోతాయో, ఇంకో ముక్క చేయించాలో వానాకాలం లోగా చూడాలి.