ఎల్‌డీఫ్లెక్స్: రాయడం హాయి, ‘అవెయిట్’ దగ్గర జాగ్రత్త

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో చూడదగ్గ చోట్ల మీద వెబ్‌సైట్ కట్టేవాళ్లకు వికీడేటా, అంటే వికీపీడియా సంస్థ నడిపే ఉచిత సమాచార భండారం, మంచి ఆధారం. దాన్ని జావాస్క్రిప్ట్‌లోంచి అందుకోవడానికి రూబెన్ వెర్బోర్గ్ రాసిన ఎల్‌డీఫ్లెక్స్ లైబ్రరీ చాలా బాగుంది. ఇలాంటి డేటాను అడిగే భాష స్పార్కిల్; అందులో క్వెరీ (ప్రశ్న) చేత్తో రాయక్కర్లేదు. ‘అవెయిట్ ఆలంపూర్.పరిధి.పేరు’ అని రాస్తే, లోపలున్న ప్రాక్సీ (మనం రాసిన పేర్లను మధ్యలో పట్టుకునే జావాస్క్రిప్ట్ వస్తువు) ఆ చుక్కల దారిని క్వెరీగా మారుస్తుంది. అవెయిట్ అంటే జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే జావాస్క్రిప్ట్ మాట; అది అనేదాకా సర్వర్‌కు ఏదీ పోదు. రెండు లింకులు దాటినా పోయేది ఒక్క క్వెరీయే. కాంటెక్స్ట్‌లో, అంటే మన పేర్లకు డేటాలోని చిరునామాలు జతచేసే పట్టికలో, ‘పరిధి’కి పీ131 (ఏ పాలనా ప్రాంతంలో ఉందో చెప్పే వికీడేటా గుణం) చిరునామా కట్టాలి. తెలుగు పేర్లకు జావాస్క్రిప్ట్ అడ్డు చెప్పదు. క్వెరీలను నడిపే కామునికా ఇంజిన్ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

చిక్కంతా ఆ అవెయిట్‌లోనే ఉంది. జవాబులు ఎన్నున్నా అది మొదటిదొక్కటే ఇస్తుంది. వికీడేటా లాంటి లింక్డ్ డేటాలో (లింకులతో ముడిపడ్డ సమాచారంలో) ఏ గుణానికైనా పది విలువలుండొచ్చు. ఆలంపూర్‌నే తీసుకోండి: 2016 అక్టోబర్ దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఆ తర్వాత జోగులాంబ గద్వాల. డేటాలో రెండు జిల్లాలూ సమాన ర్యాంకుతో (ఏ విలువకు ప్రాధాన్యమో చెప్పే గుర్తుతో) ఉంటే, పేజీలో ఏది పడుతుందో చెప్పలేం. ఎర్రర్ రాదు, తప్పు జిల్లా మాత్రం రావచ్చు. పేరుదీ అదే కథ: లేబుళ్లు చాలా భాషల్లో ఉంటాయి, మొదట వచ్చేది తెలుగే కావాలని లేదు. అందుకే జవాబులను ఒక్కొక్కటిగా అందించే ‘ఫర్ అవెయిట్’ లూప్‌తో అన్నీ తెచ్చుకుని, ఏ భాషో చెప్పే లాంగ్వేజ్ ట్యాగ్ చూసి ఏరుకోవాలి. పీ131 అంటే జిల్లాయే అనుకోవద్దు, మండలం కూడా రావచ్చు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఈ దారులకు ‘దెన్’ (జవాబు వచ్చాక పిలిచే మెథడ్) ఉంటుంది కాబట్టి అసింక్ ఫంక్షన్ (లోపల అవెయిట్ వాడగలిగేది) నుంచి దారిని రిటర్న్ చేస్తే అది అక్కడే విప్పుకుపోయి మొదటి విలువగా మారుతుంది. దారి దారిలాగే చేతికి రావాలంటే మామూలు ఫంక్షన్ రాయండి.

పెద్ద జాబితాలకు ఇది వద్దు. వంద చోట్లకు మూడేసి గుణాలు విడివిడిగా అడిగితే 300 క్వెరీలు పోతాయి. వికీడేటా 429తో, అంటే ‘మరీ ఎక్కువ అడుగుతున్నారు’ అనే ఎర్రర్‌తో, ఆపేయొచ్చు. అక్కడ కామునికాకే నేరుగా ఒక స్పార్కిల్ క్వెరీ ఇచ్చి, భాషను ఫిల్టర్‌తో అందులోనే తేల్చడం మేలు. వికీడేటాలో ఒక క్వెరీకి దొరికేది 60 సెకన్లే, కాబట్టి ముందు లిమిట్ (ఎన్ని జవాబులు కావాలో చెప్పే హద్దు) పెట్టి చూడండి. ఒక్కో ఊరి పేజీకైతే ఎల్‌డీఫ్లెక్స్ ధైర్యంగా వాడొచ్చు.