అంతర్వేదిలో టెంటు, దిండిలో మంచం

పుష్య పౌర్ణమి రేపనగా నరసాపురంలో రైలు దిగాం. నేను, మా ఆవిడ, పదేళ్ల మా వాడు, మా బావమరిది. సామానంతా ఆటోలో కుక్కి మాధవాయిపాలెం రేవుకొచ్చి, బళ్లనీ మనుషుల్నీ కలిపి దాటించే పంటు ఎక్కాం. కార్లు, బైకులు, బుట్టలు, మనుషులు, అందరం ఒకేసారి గోదారి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగాం. చించినాడ వంతెన మీంచీ రావచ్చు గానీ, పిల్లలుంటే పంటే ఎక్కండి.

అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని, రాత్రి ఉండొచ్చో లేదో ఊళ్లో అడిగి, తీరానికి వెళ్లాం. హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చిన టెంటు విప్పితే పైన కప్పే షీటు లేదు! అద్దెకిచ్చినాయన ఫోన్ తీయలేదు. బయలుదేరే ముందు డాబా మీద ఒక్కసారి వేసి చూసుకుంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. చలికాలం అక్కడ మంచు వానలా దిగుతుంది, పై కప్పు లేకపోతే తెల్లారేసరికి దుప్పట్లు పిండుకోవాలి. చివరికి ధాన్యం మీద కప్పే బరకం ఒకటి కొన్నాం. ఈ ప్రయాణంలో అంతకన్నా పనికొచ్చిన వస్తువు లేదు.

మా వాడు కొబ్బరిచెట్ల కింద వేద్దామన్నాడు. అక్కడే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "మూడు కళ్లున్నా, కాయకి కింద ఎవరున్నారో కనపడదండి బాబూ." సరే, నీటికి దగ్గరగా చదునుగా ఉన్న చోట మేకులు దిగ్గొట్టాం. ఆయన మళ్లీ లేచొచ్చి ఇసుక మీద ఎండిన నాచు, పుల్లలు గీతలా పడి ఉన్న చోటు చూపించాడు. "పోటొస్తే నీళ్లు అక్కడిదాకా వస్తాయండి. పైగా రేపు పున్నమి, ఆయ్."

గీతకి బాగా ఎగువన, సరుగుడు తోట పక్కకి మార్చాం. కానీ పొడి ఇసుకలో మేకు నిలిస్తేగా? గాలి ఒక్కసారి కొట్టగానే నాలుగూ ఊడొచ్చాయి. పెద్దాయన ఖాళీ యూరియా సంచులు నాలుగు తెచ్చి, సగందాకా ఇసుక నింపి, మూతి తాడుతో బిగించి, మోకాలి లోతు గోతిలో పూడ్చాడు. టెంటు తాళ్లు వాటికి కట్టాం. రాత్రంతా గాలి వీచినా టెంటు కదల్లేదు. తొమ్మిది దాటాక చూస్తే, మేం మొదట మేకులు కొట్టిన చోట నీళ్లు.

గ్యాస్ స్టవ్ గాలికి ఆరిపోతుంటే ఇసుకలో గొయ్యి తీసి అందులో పెట్టాం. చందువా చేపల పులుసు, అన్నం. తాగే నీళ్లు మాత్రం టిన్నుల్లో తీసుకెళ్లండి, సముద్రం పక్క బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. దోమల చక్రాలు రెండు పెట్టెలు తెచ్చినా చాల్లేదు.

రెండో రాత్రి దిండిలో టూరిజం వాళ్ల రిసార్ట్. గది ముందే గోదారి, వేడినీళ్లు, మెత్తటి మంచం. మా ఆవిడ మార్కులన్నీ దీనికే. పెద్దవాళ్లతో వెళ్తే నేనూ ఇదే చెప్తాను. మూడో రాత్రి రాజోలు వైపు ఒక తోటలో హోంస్టే. ఇంటావిడ వంట అద్భుతం, బాత్రూమ్ మాత్రం చీకట్లో తోట దాటి వెళ్లాలి. డబ్బు కట్టే ముందు ఆ ఒక్క ముక్క అడగండి. పొద్దున్నే అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికిన పొట్టిక్కలు తింటే కోపం పోయింది.

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులు పగలు చూసి వచ్చేయండి. అది అభయారణ్యం, ఇష్టమొచ్చిన చోట టెంటు వేసుకునే చోటు కాదు. అక్టోబరు, నవంబరుల్లో అసలు ఈ తీరానికి టెంటు పట్టుకుని రావద్దు. 1996 నవంబరు తుఫాను గురించి కోనసీమలో ఏ పెద్దవాళ్లని కదిపినా చెప్తారు.

అంతర్వేదిలో సంచులు దులిపి తిరిగిస్తుంటే పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు. "ఈసారి అష్టమికి రండి, అప్పుడు పోటు ఇంత ఉండదు" అన్నాడు. మా బావమరిది రైల్లోనే ఫోన్‌లో పంచాంగం తెరిచాడు.