మల్టీమీటర్ చూపని 577 మైక్రోసెకన్లు: ఆసిలోస్కోప్‌తో ఆరేళ్లు

బోరు మోటార్లకు బిగించే మొబైల్ స్టార్టర్ల బోర్డులు బాగుచేయడం, చిన్న మొత్తాల్లో కొత్తవి తయారుచేయడం నా పని. ఆరేళ్ల కిందట ముప్పై వేల పైచిలుకు పెట్టి నాలుగు ఛానళ్ల డిజిటల్ ఆసిలోస్కోప్ కొన్నాను. వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే పరికరం ఇది. 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగంగా మారే సంకేతం దాకా చూపగలదో చెప్పే అంకె), సెకనుకు వంద కోట్ల శాంపిళ్లు (కొలతలు), ఏడంగుళాల తెర. అప్పటికి నా బల్ల మీద మంచి మల్టీమీటరు, సోల్డరింగ్ స్టేషను మాత్రమే ఉండేవి. దీనికి ఇంత డబ్బు అవసరమా అని నెల రోజులు తటపటాయించాను. అదే సందేహంలో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

కొనిపించింది ఒక మొండి స్టార్టరు. రైతు ఫోను చేయగానే మోటారు ఆన్ కావాలి. ఇది మాత్రం కాల్ అందుకునే క్షణంలోనే ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. రాత్రి కరెంటు వచ్చే రోజుల్లో చీకట్లో పొలానికి నడిచి వెళ్లే అవసరం తప్పించడానికే ఆ పరికరం ఉన్నది. అది పనిచేయకపోతే టార్చి పట్టుకుని గట్ల వెంట నడవాల్సింది రైతే. అందుకే దాన్ని పక్కన పెట్టేయలేకపోయాను. మల్టీమీటరు పెడితే, కాల్ అందుకునే జీఎస్ఎం (మొబైల్ నెట్‌వర్క్) మాడ్యూల్‌కు అందుతున్న సరఫరా 3.9 వోల్టుల దగ్గర నిలకడగా కనిపించేది. ఆ మాడ్యూల్‌కు కనీసం 3.4 చాలు. లెక్క ప్రకారం అంతా సవ్యమే. మాడ్యూళ్లు రెండు మార్చాను, ఫలితం లేదు.

ఆసిలోస్కోప్ వచ్చాక కూడా మొదటి వారం ఏమీ కనిపించలేదు. కారణం ‘ఆటో’ మీట. అది నొక్కితే పరికరమే అన్నీ అమర్చి ఏదో ఒక గీత చూపిస్తుంది. నాకు కనిపించింది దాదాపు చదునైన గీతే. నేర్చుకోవాలనుకునేవారు ఆ మీటను మొదటి నెల ముట్టుకోకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. డిప్లొమాలో మా సీఆర్‌ఓ (పాత తరహా ఆసిలోస్కోప్) ల్యాబు కూడా అలాగే గడిచింది. ముందే ఎవరో అమర్చి ఉంచిన తరంగాన్ని చూసి గ్రాఫు కాగితం మీద గీసి ఇచ్చేవాళ్లం. మీటలు తిప్పే అవకాశమే రాలేదు.

అసలు నేర్చుకోవలసింది ట్రిగ్గర్. ఎప్పుడు చూడాలో పరికరానికి చెప్పడమే దాని పని. సంకేతం ఒక స్థాయిని దాటినప్పుడే గీత మొదలయ్యే ఈ పద్ధతిని టెక్ట్రానిక్స్ కంపెనీ 1947లో తన 511 మోడల్‌తో ఇంజినీర్ల రోజువారీ పనిలోకి తెచ్చింది. అంతకుముందు తెర మీద తరంగాన్ని కదలకుండా నిలపడమే ఒక సాధన. నేను ట్రిగ్గర్‌ను ‘నార్మల్’లో పెట్టి, వోల్టేజి 3.6 కన్నా కిందికి జారినప్పుడే చూపించమని అమర్చాను. బోర్డుకు కాల్ చేశాను. తెర మీద వరుసగా పళ్లు విరిగిన దువ్వెన లాంటి బొమ్మ వచ్చి నిలిచింది. ప్రతి 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి వోల్టేజి 3.1కి కుంగుతోంది. ఒక్కో కుంగు అర మిల్లీసెకనుకు కాస్త ఎక్కువ.

ఆ అంకెలు జీఎస్ఎం ప్రమాణంలోనివే. ఫోను లాగే ఈ మాడ్యూల్ కూడా నిరంతరం ప్రసారం చేయదు. 4.615 మిల్లీసెకన్ల ఫ్రేములోని ఎనిమిది స్లాట్లలో తనకు కేటాయించిన ఒక్క 577 మైక్రోసెకన్ల స్లాటులోనే మాట్లాడుతుంది. ఆ కాసేపు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి తీగలు, కనెక్టరు కలిపి అర ఓము ఉన్నా చాలు, దాదాపు ఒక వోల్టు అక్కడే కరిగిపోతుంది. ఎనిమిదింట ఏడు వంతుల కాలం సరఫరా బాగానే ఉంటుంది కనుక, సగటు చూపే మల్టీమీటరు 3.9 అంది. అది అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే వేరు. మందమైన తీగలు వేసి, మాడ్యూల్ కాళ్ల పక్కనే 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాక కుంగు 3.7 దగ్గర ఆగింది. స్టార్టరు పొలానికి తిరిగి వెళ్లింది. ఆ రోజు నుంచి ధర గురించి మళ్లీ ఆలోచించలేదు.

సర్క్యూట్‌ను తాకించి కొలిచే మొన ఉన్న తీగ, అంటే ప్రోబు గురించి ఎంత చెప్పినా తక్కువే. దాని మీద ఉండే 1ఎక్స్, 10ఎక్స్ మీటను ఎప్పుడూ సంకేతాన్ని పదో వంతుకు తగ్గించే 10ఎక్స్‌లోనే ఉంచండి. 1ఎక్స్‌లో బ్యాండ్‌విడ్త్ కొద్ది మెగాహెర్ట్జ్‌లకు పడిపోతుంది, కొలిచే సర్క్యూట్ మీద బరువూ పెరుగుతుంది. తెరపై ఛానల్ అమరికలోనూ 10ఎక్స్ అని చెప్పాలి, లేకపోతే అంకెలు పది రెట్లు తప్పుతాయి. ఆసిలోస్కోప్ ముందు భాగంలో ఉండే 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగానికి ప్రోబును తగిలించి, మూలలు నిటారుగా వచ్చేదాకా దాని మీది చిన్న స్క్రూ తిప్పాలి. ఒకసారి ఒక ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పద్ధతి పవర్ సప్లై)లో 200 మిల్లీవోల్టుల రొద కనిపిస్తే రెండు రోజులు ఫిల్టర్లు మార్చాను. రొదలో అధిక భాగం ప్రోబు గ్రౌండ్ తీగదే. ఆ జానెడు తీగ యాంటెన్నాలా పనిచేస్తోంది. క్లిప్పు తీసేసి, మొన పక్కనే చిన్న స్ప్రింగును తాకించి, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పరిమితి ఆన్ చేస్తే 30 మిల్లీవోల్టులే మిగిలింది.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. ప్రోబు గ్రౌండ్ క్లిప్పు ఆసిలోస్కోప్ లోపలి నుంచి నేరుగా గోడ సాకెట్ ఎర్తుకు కలిసి ఉంటుంది. దాన్ని మెయిన్స్‌తో (గోడ సాకెట్ కరెంటుతో) నేరుగా కలిసిన సర్క్యూట్‌కు తగిలిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మన 230 వోల్టుల శిఖరం 325 వోల్టులు. ప్లగ్గు ఎర్తు పిన్ను విరిచేసి కొలిచే అలవాటు కొన్ని రిపేరు దుకాణాల్లో చూశాను. దయచేసి ఆ పని చేయకండి, అప్పుడు ఆసిలోస్కోప్ లోహపు భాగాలకే కరెంటు రావచ్చు. మెయిన్స్ తరంగం చూడాలంటే 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా చూడండి. మా వీధిలో దాని తల గుండ్రంగా కాక చదునుగా కనిపిస్తుంది. ప్రతి ఇంట్లోని చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాలు శిఖరం దగ్గరే కరెంటు లాగడం వల్ల అలా అవుతుంది.

లోపాలు ఉన్నాయి. నాలుగు ఛానళ్లకూ నిలువు మీటల జత ఒక్కటే, ఏది ఎంచుకున్నానో చూసుకోకుండా తిప్పి తప్పు గీతను కదిలించడం ఇప్పటికీ జరుగుతోంది. నాలుగూ వాడితే శాంపిళ్లు సెకనుకు పాతిక కోట్లకు తగ్గుతాయి. ఫ్యాను శబ్దం రాత్రి పనిలో చికాకు పెడుతుంది. నాలుగో ఏడాదిలో కాలపు కొలతను మార్చే టైమ్‌బేస్ మీట అంకెలు దాటవేయడం మొదలైంది, విప్పి దాని కింద కొత్త ఎన్‌కోడర్ (తిప్పుడును గుర్తించే భాగం) వేశాను. సంకేతంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో చూపే ఎఫ్‌ఎఫ్‌టీ పేరుకు ఉంది కానీ నేను దాన్ని నమ్మను.

బ్యాండ్‌విడ్త్ విషయంలో నాకు అసంతృప్తి లేదు. 50 మెగాహెర్ట్జ్ అంటే ఆ పౌనఃపున్యం దగ్గర తరంగం ఎత్తు 70 శాతమే కనిపిస్తుందని అర్థం. దాదాపు 7 నానోసెకన్ల కన్నా వేగంగా లేచే అంచును ఇది నిజమైన రూపంలో చూపలేదు. మైక్రోకంట్రోలర్లు, ఇన్వర్టర్లు, ఆడియో పనికి ఆ పరిధి చాలు. చిప్‌ల మధ్య సమాచారం మోసే ఐ2సీ లైన్లో 10 కిలోఓముల రెసిస్టర్ల వల్ల చదరపు అంచులు ఏటవాలుగా మారడం, వాటిని 2.2 కిలోఓములకు మార్చగానే నిటారుగా లేవడం ఇందులో స్పష్టంగా చూశాను.

ఆడియో, ఇన్వర్టర్ల పని మాత్రమే ఉన్నవారికి రెండు ఛానళ్లు చాలు, మిగిలిన డబ్బు మంచి ప్రోబుల మీద పెట్టండి. నేను ఇప్పుడు డబ్బు కూడబెడుతున్నది డిఫరెన్షియల్ ప్రోబు కోసం. గ్రౌండ్ క్లిప్పును ఎర్తుకు కలపకుండా రెండు బిందువుల మధ్య వోల్టేజిని కొలిచే ప్రోబు అది. స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌ను మెయిన్స్ మీదే, భయం లేకుండా చూడాలని ఉంది.