జడల హాఫ్ స్వెటర్‌కు ఏ లావు ఊలు కొనాలి? వరంగల్ అంగళ్ళలో దొరికే రకాల మీద రివ్యూ

లావు ఊలుతో జడల అల్లిక (కుట్లను మెలేసి జడలా పైకి తేల్చే కేబుల్ అల్లిక) హాఫ్ స్వెటర్ వేయాలనుకునేవాళ్ళు చేతికి మెత్తగా తగిలిందని ఊలు కొనొద్దు. మెత్తదనం మెడకు మఫ్లర్‌కు బాగుంటుంది. జడకు కావాల్సింది గుండ్రటి పోగు, గట్టి పురి, లాగితే సాగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం. హనుమకొండ చౌరస్తా, వరంగల్ బట్టలబజార్ వైపు ఫ్యాన్సీ, కుట్టుసామాను అంగళ్ళలో లావు ఊలు పేరుతో మూడు రకాలు కనిపిస్తాయి: పూర్తి యాక్రిలిక్ (కృత్రిమ పోగు), గొర్రె ఊలు కలిసిన యాక్రిలిక్, మెరిసే వెల్వెట్ రకం. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే మెరినో (మెరినో జాతి గొర్రెల మెత్తటి ఊలు) నాలుగోది. మా ఓటు ఊలు కలిసిన రకానికే, అదీ ఊలు శాతం సగానికి దగ్గరగా ఉంటేనే.

అంగట్లో అన్నింటినీ ఊలు అనే అంటారు కాబట్టి లేబుల్ చదవాలి. లేబుల్ లేకుండా విడిగా అమ్మే చిలప అయితే రెండంగుళాల పోగు ఇంటికి తెచ్చి కాల్చి చూడండి. గొర్రె ఊలు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. మిశ్రమంలో రెండూ కనిపిస్తాయి.

అంతకంటే ముఖ్యమైన పరీక్ష అంగట్లోనే చేయొచ్చు. ఉండ కొసను రెండు చేతుల మధ్య పట్టుకుని పురికి ఎదురుగా తిప్పండి. మూడు నాలుగు సన్న పోగులు విడిగా బయటపడి, వదలగానే మళ్ళీ చుట్టుకుంటే ఆ ఊలు జడకు పనికొస్తుంది. ఒకటే లావు పోగు దూదిలా విచ్చుకుంటే పక్కన పెట్టండి. అల్లినప్పుడు బాగానే కనిపిస్తుంది, కానీ జడ పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి బ్యాగు పట్టీ, కుర్చీ వీపు ముందు దానికే రాసుకుంటాయి. రెండు మూడు వారాలకే నూగు ఉండలు కట్టి జడ గీత చెదిరిపోతుంది. లావు తెలుసుకోవడానికి పోగును స్కేలు మీద లాగకుండా పక్కపక్కనే చుట్టండి: ఒక అంగుళంలో ఏడు చుట్ల దగ్గర వస్తే చంకీ, అంటే మనకు కావాల్సిన లావు రకం, ఐదే వస్తే ఇంకా లావైన సూపర్ చంకీ. సూపర్ చంకీతో జడలు వేస్తే స్వెటర్ పరుపులా బరువెక్కుతుంది, మన చలికి అది అనవసరం.

వెల్వెట్ రకాన్ని ఈ పనికి కొనొద్దు. పోగు చుట్టూ ఉండే నూగు కుట్టును కప్పేస్తుంది. మూడు కుట్లు ముందుకు తీశారో వెనక్కి తీశారో కంటికి ఆనదు. సాగే గుణం లేదు కాబట్టి జడ మలుపు దగ్గర ఉచ్చులు వదులై బయటికి పాక్కుంటూ వస్తాయి. విప్పి మళ్ళీ అల్లుదామంటే నూగు రాలిపోతుంది. పిల్లల దుప్పటికి వాడుకోండి.

పూర్తి యాక్రిలిక్ చవక, రంగులు ఎక్కువ, వాషింగ్ మెషీన్‌లో వేసినా భయం లేదు, నేర్చుకునేవాళ్ళకు మంచిది. లోపాలు రెండు. ఒకటి, చెమట పీల్చదు. వరంగల్‌లో జనవరిలో కూడా పది దాటితే ఎండ చురుక్కుమంటుంది, బండి దిగగానే విప్పేయాలనిపిస్తుంది. రెండోది, వేడి తగిలితే జడ చచ్చిపోతుంది. ఇస్త్రీ పెట్టె ఒక్కసారి ఆనించినా అణిగిపోయి మళ్ళీ లేవదు. మెరినో గురించి వంక పెట్టేదేం లేదు, ధర తప్ప. సూపర్‌వాష్ (మెషీన్‌లో ఉతికేలా తయారుచేసినది) అని రాసి ఉన్న మెరినో మాత్రం తడిస్తే బాగా సాగుతుంది, నమూనా ముక్కను ఉతికి ఆరబెట్టాకే కొలవాలి.

మన దగ్గర కురుమలు వడికే దక్కనీ గొర్రెల ఊలుతో వేయొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. అది గొంగడికి పుట్టిన ఊలు. బిరుసు, పొట్టి వెంట్రుక. మగ్గం మీద నేసి చింతగింజల గంజి పట్టిస్తే వానకూ చలికీ నిలబడుతుంది. ఒంటికి ఆనుకునే స్వెటర్‌లో గుచ్చుకుంటుంది, పైగా ఎక్కువ భాగం నల్లగా ఉంటుంది కాబట్టి జడ నీడల్లో కలిసిపోతుంది. జడల స్వెటర్లకు పేరుపడ్డ ఐర్లాండ్ పడమటి తీరపు అరాన్ దీవుల్లో రంగు వేయని తెల్లూలు వాడింది ఊరికే కాదు: లేత రంగు మీదే మలుపుల నీడ తేలుతుంది. మీగడ తెలుపు, లేత బూడిద, ఆవపిండి పసుపు బాగుంటాయి. ఒకే ఉండలో రంగులు మారే రకంలో మీ శ్రమ ఎవరికీ కనపడదు.

ఛాతీ 36 అంగుళాలవారికి, స్వెటర్ చుట్టుకొలత 40 వచ్చేలా, 100 గ్రాములకు 110 మీటర్ల దగ్గర ఉండే ఊలు 500 గ్రాములు పడుతుంది. 600 కొనండి. జడలు సాదా అల్లిక కంటే నాలుగో వంతు దాకా ఎక్కువ ఊలు తింటాయి. తర్వాత ఒక్క ఉండ కోసం వెళ్తే షేడ్ నంబరు ఒకటే ఉన్నా లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసినట్టు గుర్తు) మారుతుంది, ఆ తేడా భుజం దగ్గర అడ్డగీతలా కనిపిస్తుంది. లాట్ ఒకటే ఉన్న ఉండలు సరిపడా లేకపోతే ఆ రంగు వదిలేయడమే మంచిది.

సూదుల దగ్గర మన అంగళ్ళు నిరాశపరుస్తాయి. మామూలు స్వెటర్లకు వాడే 8 నుంచి 12 నంబర్లే ఎక్కువగా ఉంచుతారు. పాత నంబర్లలో అంకె పెరిగితే సూది సన్నం. మనకు కావాల్సినవి 3వ నంబరు, అంటే 6.5 మిల్లీమీటర్లు, రిబ్‌కు, అంటే అంచున సాగే పట్టీకి, 5వ నంబరు, అంటే 5.5. నిలువు సూదుల కంటే 80 సెంటీమీటర్ల సర్క్యులర్ సూదిని (తీగతో కలిపిన రెండు సూదులు) అటూ ఇటూ తిప్పుతూ వాడండి. బరువు ఒళ్ళో పడుతుంది, మణికట్టు నొప్పి పుట్టదు. మెలిక వేసేటప్పుడు కుట్లను పక్కన ఆపే కేబుల్ సూది దొరక్కపోతే రెండు వైపులా మొన ఉన్న సన్న సూది చాలు.

ఇక అల్లిక. 6.5 సూదితో సాదా నమూనా ముక్క అల్లితే నాలుగంగుళాల్లో 14 కుట్లు, 20 వరుసలు రావాలి. 16 వస్తే 7 మిల్లీమీటర్లకు మారండి, చేయి వదులు చేసి సరిపెట్టొద్దు. వీపు భాగం సాదాగా 70 కుట్లు. ముందు భాగానికి కూడా 5.5 సూదితో 70 ఎక్కించి, రెండు సీదా (నిట్ కుట్టు) రెండు ఉల్టా (పర్ల్ కుట్టు) రిబ్ రెండున్నర అంగుళాలు అల్లి, ఆఖరి రిబ్ వరుసలో మూడు జడలు వచ్చే చోట రెండేసి పెంచి 76 చేయాలి. ఈ ఆరు కుట్లు ముఖ్యం. జడ అల్లికను లోపలికి లాగుతుంది కాబట్టి పెంచకపోతే ముందు భాగం వీపు కంటే అంగుళంన్నర ఇరుకవుతుంది. మొదటే 76 ఎక్కిస్తే రిబ్ కింద గొడుగులా విచ్చుకుంటుంది.

రిబ్ అయ్యాక 6.5 సూదికి మారి, నడుమ 26 కుట్ల పట్టీ: ఆరేసి కుట్ల మూడు జడలు, వాటి మధ్యా అటూ ఇటూ రెండేసి ఉల్టా. పక్కలకు 25 చొప్పున సాదా. ప్రతి ఎనిమిదో వరుసలో మూడు కుట్లు కేబుల్ సూది మీదికి తీసి ముందు ఉంచి, తర్వాతి మూడు అల్లి, ఆ పైన కేబుల్ సూది మీదివి అల్లితే జడ ఎడమకు వాలుతుంది. వెనక ఉంచితే కుడికి. రెండు చివరి జడలను ఎదురెదురుగా వాల్చండి, చూడ ముచ్చటగా ఉంటుంది. ఆరు వరుసలకే మెలేస్తే ఈ లావులో అట్టముక్కలా బిగుసుకుంటుంది.

అందరికీ ఎదురయ్యే తంటా జడ ఎడమ అంచు. సీదా నుంచి ఉల్టాకు మారేచోట పోగు కాస్త ఎక్కువ దూరం తిరుగుతుంది, ఆ వదులంతా చివరి సీదా కుట్టులో చేరి నిచ్చెన మెట్లలా కనిపిస్తుంది. మొదటి ఉల్టా అల్లాక రెండో ఉల్టా దగ్గర పోగును గట్టిగా లాగండి, సర్దుకుంటుంది. ఎక్కడో కింద జడ తప్పు వైపు వాలిందని పైన తెలిస్తే మొత్తం విప్పనక్కర్లేదు. ఆ ఆరు కుట్లనే సూది నుంచి జార్చి, మెలిక వరుస దాకా దించి, సరిచేసి క్రోషే సూదితో ఒక్కో కుట్టూ పైకి ఎక్కించండి. ఊలు కలిసిన రకంలో కుట్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, ఈ మరమ్మతు సాఫీగా జరుగుతుంది. నున్నటి యాక్రిలిక్‌లో కాస్త జాగ్రత్త, పక్క కుట్లు జారతాయి.

చంక దగ్గర ఐదు కుట్లు మూసి, తర్వాత వరుస విడిచి వరుస ఒక్కోటి చొప్పున నాలుగుసార్లు తగ్గించండి, ఇది రెండు పక్కలా. మెడ దగ్గర జడ మీద కుట్లు మూసేటప్పుడు రెండేసి కలిపి మూయాలి, లేకపోతే ఆ చోట అంచు అలలు పోతుంది. మెడపట్టీకి నాలుగు వరుసలకు మూడు కుట్లు ఎత్తుకోవాలి. చంకపట్టీ మూడు వరుసలు చాలు, అంతకు మించితే చేయి కిందికి దిగదు.

ఉతకడం చన్నీళ్ళలో, ఊలు బట్టలకు అమ్మే ఈజీ లాంటి ద్రవంతో. పిండొద్దు, తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో చాప మీద పరిచి, కొలత ప్రకారం సర్దండి. తడి స్వెటర్‌ను తాడు మీద వేస్తే దాని బరువుకే రెండంగుళాలు కిందికి సాగుతుంది. హ్యాంగర్ కూడా వద్దు. ఊలు కలిసినదైతే చలికాలం పోగానే ఉతికి, బాగా ఆరాక బట్ట సంచిలో ఎండు వేపాకుతోనో కలరా ఉండలతోనో మడిచి పెట్టండి. పురుగు ముందు చెమట, తిండి మరకలున్న చోటే కొరుకుతుంది.